జంపఖానా పరిచే వేళ

పోయిన వారం సుజాతక్క మా ఇంటికి వచ్చి ఐదు రోజులు ఉండి వెళ్ళింది. మా పెద్దనాయన కూతురు, నాకంటే మూడేళ్ళు పెద్ద. కడపలో టీచరు. కర్నూలులో ఏదో ట్రైనింగు పడిందంటే, "రూము ఎందుకక్కా, నేను లేనా" అని నేనే పిలిచాను. పిలిచిన నోరు నాదే కాబట్టి, ఆ ఐదు రోజులు నా కడుపులో రగిలినదానికి ఇంకొకరిని అనడానికి లేదు.

వచ్చిన మరుసటి పొద్దున ఐదుంబావుకే లేచి, జుట్టు ముడేసుకుని, హాల్లో టీపాయిని గోడవారకు జరిపి, వంటింట్లో బాబుకు ఉగ్గు కలుపుతున్న నా దగ్గరికి వచ్చింది.

"మే వాణీ, కింద పర్చుకునేకి ఏమన్నా ఉండాదా? యోగా చేసుకోవల్ల."

"దుప్పటి ఇయ్యనా అక్కా?"

"దుప్పటొద్దులే, మీ టైల్సు మీద జారుతాది. మందంగా ఏమన్నా సూడు."

జారుతాది అన్న మాటకు నా చేతిలో చెంచా ఆగింది. అక్క మాత్రం మామూలుగా అనేసి, కిటికీ తెరవడానికి పోయింది. ఆమె నవ్వితే ముందు పన్ను సగం విరిగి ఉండటం ఇప్పటికీ కనిపిస్తుంది. నేను స్టూలు వేసుకుని అటక మీది నుంచి పాత జంపఖానా దించాను.

అది మా నాయనది. నీలం, తెలుపు చారల నూలు జంపఖానా. నాయన పోయాక వేంపల్లె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అందరూ గిన్నెలు, బీరువా పంచుకుంటుంటే నేను దీన్ని అడిగి తెచ్చుకున్నాను. రెండేళ్ళుగా విప్పలేదు. విప్పితే ఒక మూల, అరచేతికంటే కొంచెం పెద్దగా, పాత నూనె మరక ఉంటుందని నాకు తెలుసు. ఆ పొద్దున కూడా ముందు దానికోసమే వెతికాను. అలాగే ఉంది, అంచులు పసుపెక్కి. అక్క చూడక ముందే మరక వైపు కిందికి వచ్చేట్టు పరిచేశాను.

ఇంతలో నా ఆరేళ్ళ కూతురు నిత్య కళ్ళు నులుముకుంటూ వచ్చి, ఏమీ అనకుండా, అక్క పక్కన బాసిపట్టు వేసుకుని కూర్చుంది. బడికి లేపడానికి నేను రోజూ ఏడింటికి నాలుగు సార్లు అరవాలి. దుప్పటి లాగాలి, నీళ్ళు చల్లుతానని బెదిరించాలి. పెద్దమ్మ కోసం ఐదున్నరకు తనంతట తానే లేచింది. "పెద్దమ్మా, ఇట్లనా?" అని చేతులు పైకెత్తి అడుగుతోంది. అక్క దాని నడుం మీద చెయ్యి పెట్టి నిటారు చేస్తోంది. నేను వంటింటి గుమ్మంలో ఉగ్గు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ నిలబడ్డానో నాకు వెంటనే తెలిసింది. ఇరవై ఏళ్ళ కిందట కూడా సరిగ్గా ఇలాగే, ఇంకో గుమ్మంలో నిలబడి, ఇదే మనిషిని చూసి కుళ్ళుకున్నాను.

వేంపల్లెలో నాయనకు బండల అంగడి ఉండేది. బేతంచెర్ల నుంచి లారీలో నేలకు పరిచే బండలు దింపించి, ఇండ్లు కట్టుకునేవాళ్ళకు అమ్మేవాడు. మనిషి ఎప్పుడూ తెల్లగా ఉండేవాడు, రంగు వల్ల కాదు, రాతి దుమ్ము వల్ల. చెవుల మడతల్లో, కనుబొమల్లో, చొక్కా జేబులో ఆ దుమ్మే. అమ్మ ఆయన లుంగీలను మా బట్టలతో కలపకుండా వేరే బకెట్లో నానబెట్టేది, ఎందుకంటే నాకు ఆయాసం. చలికాలం వస్తే నా ఛాతీలో పిల్లి కూసేది. ఆ దుమ్ము నా ఊపిరిలోకి పోకూడదని అమ్మ ఇంట్లో సగం యుద్ధం చేసేది.

ఒకసారి లారీలో నుంచి బండ దించేటప్పుడు నాయన నడుము పట్టేసింది. నెల రోజులు మంచంలో ఉన్నాడు. కడపలో డాక్టరు మాత్రలతో పాటు యోగా చేయమన్నాడు. మా వీధిలో రిటైరైన డ్రిల్లు మాస్టరు ఒకాయన కొన్నాళ్ళు వచ్చి నేర్పించి వెళ్ళాడు. ఆ తర్వాత నాయన ఏ పొద్దూ మానలేదు. వసారాలో మంచం మీద నుంచి మా జేజి, అంటే నాయనమ్మ, రోజూ ఒక రాయి వేసేది.

"ఏందిరా అది, కాళ్ళు పైకి పెట్టి పండుకుంటే నడుము నొప్పి పోతాదంటనా? నన్నడిగింటే ఆముదం పూసి తోముతుంటి గదా."

"నువ్వు తోమితే ఉండే నడుము గూడా పోతాది మా."

"పోనీలేరా, కోడలుండాది గదా మోసేకి!"

యోగా కంటే దానికి ముందు సర్దేదే పెద్ద పని. అది నా పని. "వాణమ్మా, లెయ్యి, తెల్లారతాండాది" అని నాయన నా తల మీద రెండు వేళ్ళతో తట్టేవాడు. ఇంకా చీకటి పూర్తిగా విడిచేది కాదు. అమ్మ పెరట్లో పొయ్యి ముట్టించేది, చెనిక్కాయ పొట్టు కాలే వాసన కిటికీలో నుంచి వచ్చేది. హాల్లో అన్ని బండల కంటే పెద్దది, మధ్యలో ఎర్రటి చార ఉన్నది, ఒకటుండేది. చార ఉందని ఎవరూ కొనకపోతే నాయన ఇంటికి తెచ్చి పరిపించుకున్నాడు. ఆయన యోగా చేసేది దాని మీదే. ముందు పరకతో ఊడ్చాలి. నాకు దుమ్ము పడదని ముక్కుకు తువ్వాలు కట్టేవాడు. తర్వాత తడిబట్టతో తుడవాలి, బట్టను గట్టిగా పిండాలి, నీళ్ళు నిలవకూడదు. అది ఆరాక నాయన వంగి అరచేత్తో బండంతా ఒకసారి నిమిరేవాడు. ఒక్క ఇసుక రవ్వ తగిలినా, "ఇంగోసారి" అనేవాడు. ఆ తర్వాత జంపఖానా. ఒక కొన నేను, ఒక కొన ఆయన పట్టుకుని, ఎగరేసి, మడత లేకుండా దించాలి. తూర్పు కిటికీ తెరవాలి. రాగి చెంబులో నీళ్ళు పెట్టాలి. ఇదంతా అయ్యేసరికి పావుగంట.

అప్పుడు లోపలి గదిలో నుంచి సుజాతక్క వచ్చేది.

వాళ్ళ ఊళ్ళో హైస్కూలు లేక చదువు కోసం మా ఇంట్లో ఉండేది. పుల్లలాగా ఉండేది. వచ్చిన వారానికే డ్రిల్లు మాస్టరు చూపించినవన్నీ చేసేసింది. వంగి మోకాళ్ళకు తల ఆనించేది. ఒంటికాలి మీద కొంగలాగా నిలబడి, కళ్ళు మూసుకుని, యాభై లెక్కపెట్టేది. "మా సుజాత చూడండప్పా, రబ్బరు!" అని నాయన అంగడికి వచ్చినవాళ్ళతో చెప్పుకునేవాడు. ఎర్ర చార బండ మీద ఆయన, పక్కనున్న చిన్న బండ మీద ఆమె. ఒకే జంపఖానా. ఒకే లెక్కన ఊపిరి పీల్చడం, వదలడం. నేను గుమ్మంలో తువ్వాలు మెడకు చుట్టుకుని చూస్తూ నిలబడేదాన్ని. నేనూ చేస్తానంటే అమ్మ ఒప్పుకునేది కాదు. "ఊపిరి బిగబట్టే పనులు నీకొద్దు పాపా. రాత్రంతా కూర్చోబెట్టుకుని నేను సచ్చిపోతాండా." ఆయాసం ఉన్నవాళ్ళకు ఊపిరి కసరత్తు మంచిదని ఇప్పుడు డాక్టర్లు చెప్తారు. అప్పుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేది కాదేమో. ఎనిమిది నెలల బాబు కాస్త గట్టిగా ఊపిరి తీసినా లేచి కూర్చుని చెవి ఆనించే నేను అమ్మను తప్పు పట్టలేను.

కానీ ఆ వయసులో నాకు కనిపించింది ఒకటే. సర్దేది నేను, చేసేది ఆమె. ఊడ్చిన చేతులు నావి, నాయన పక్కన చోటు ఆమెది. ఒకరోజు బళ్ళో ఎవరో "మీ నాయనకు ఇద్దరు కూతుర్లా?" అని అడిగితే, "కాదు, ఒకతే, ఆమె మా ఇంట్లో తింటాంది అంతే" అన్నాను. ఆ మాట అన్నందుకు కూడా అప్పుడు నాకు సిగ్గు వేయలేదు.

మా వైపు పండగ ముందు ఆడవాళ్ళు బండలకు మెరుపు రావడానికి కిరసనాయిల్లో కొంచెం చెనిక్కాయ నూనె కలిపి గుడ్డతో రుద్దుతారు. రుద్దిన తర్వాత పొడిగుడ్డతో రెండుమూడు సార్లు తుడిచేస్తేనే నడవడానికి వీలవుతుంది. ఉగాదికి ముందు అమ్మ ఇల్లంతా అలాగే రుద్ది, మిగిలిన నూనెను చిన్న గిన్నెలో కిటికీలో పెట్టింది. మరుసటి పొద్దున సర్దేటప్పుడు నాయన రాగి చెంబు నింపుకోవడానికి పెరట్లోకి పోయాడు. నేను ఆ గిన్నెలో గుడ్డ ముంచి, చిన్న బండ మీద, ఆమె నిలబడే చోట మాత్రమే రుద్దాను. తుడవలేదు. నాయన వచ్చి జంపఖానా కొన పట్టుకున్నాడు. రోజూ నిమిరే చెయ్యి ఆ పొద్దున అప్పటికే నిమిరేసింది. ఇద్దరం కలిసి దాన్ని ఎగరేసి దించాం.

ఆమె పడాలని అనుకున్నాను. కొంచెం తూలితే నాయన నవ్వుతాడని, రబ్బరు అనడం మానేస్తాడని, అంతే అనుకున్నాను. ఒంటికాలి మీద నిలబడి పదిహేడు దాకా లెక్కపెట్టింది. జంపఖానా మూల ఆమె కాలితో సహా జారింది. ముఖం నేరుగా బండకు కొట్టుకుంది. నోటి నిండా నెత్తురు. జేజి మంచం మీద నుంచి కేకలు, అమ్మ చల్లటి గుడ్డ పట్టుకుని పరుగు. ముందు పన్ను సగం విరిగింది. ఆ విరిగిన ముక్కను ఆమే బండ మీద వెతికి తీసుకుని, గుప్పిట్లో పెట్టుకుని ఏడుస్తూ, "నేనే జారితి సిన్నాయనా, నాకే తూలు వచ్చింది" అంటోంది. ఎవరూ అడగక ముందే అంది. ఎవరింట్లోనో ఉండి చదువుకునే పిల్ల ఎంత తొందరగా తప్పు తన మీద వేసుకుంటుందో నాకు ఇప్పుడు అర్థమవుతుంది.

నాయన జంపఖానా ఎత్తాడు. వంగి చిన్న బండను నిమిరాడు. అరచెయ్యి చూసుకున్నాడు, వాసన చూశాడు, లుంగీకి తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు. ఆ రోజు, ఆ తర్వాత ఏ రోజూ ఒక్క మాట అనలేదు. కొడతాడేమోనని సాయంత్రం దాకా ఎదురుచూశాను. కొట్టి ఉంటే బాగుండేది.

మరుసటి పొద్దున నా తల మీద రెండు వేళ్ళు పడలేదు. పరక చప్పుడుకు నా అంతట నేనే లేచి వచ్చాను. నాయన నడుం పట్టుకుని వంగి ఊడుస్తున్నాడు. చెయ్యి చాచి పరక అడిగాను.

"నేను సర్దుకుంటాలే. నువ్వు పండుకో పాపా."

వాణమ్మా అని అనలేదు. ఆ ఒక్క పిలుపు తేడా నాకు రోజంతా వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత చదువుకు కర్నూలు వచ్చే దాకా నేను మళ్ళీ ఆ బండ ఊడ్వలేదు. ఆయనే ఊడ్చుకునేవాడు, ఆయనే తుడుచుకునేవాడు, జంపఖానాను ఒక్కడే రెండు వైపులా తిరిగి సరిచేసుకునేవాడు. మూతి వాపు తగ్గాక సుజాతక్క మళ్ళీ ఆయన పక్కన చేరింది. ఊడ్వడం తప్పింది కదా అని సంతోషపడదామని చూశాను. చేతకాలేదు. నన్ను శిక్షించాడో, తెల్లారక ముందే లేపి పని చేయించడం వల్లే పిల్ల ఇలా చేసిందని తననే తప్పు పట్టుకున్నాడో నాకు తెలియదు. ఆయన బతికుండగా అడిగే ధైర్యం రాలేదు. ఇప్పుడు అడగడానికి ఆయన లేడు.

ఇవన్నీ సుజాతక్క మా ఇంట్లో ఉన్న రోజుల్లో ఒక్కొక్కటే పైకి తేలాయి. రోజూ పొద్దున నేను హాలు ఊడ్చి, మాపుతో తుడిచి, జంపఖానా మరక వైపు కిందికి వేసి పరిచేదాన్ని. వాళ్ళిద్దరూ వచ్చి కూర్చునేవాళ్ళు. రెండో రాత్రి నుంచి నిత్య పడక కూడా పెద్దమ్మ దగ్గరికే మారింది. "పెద్దమ్మ అయితే అరవదు మా" అని నా మొహం మీదే చెప్పింది. నా ఫోనులో యోగా గంట రోజూ ఆరింటికి మోగుతుంది, నేను రోజూ దాన్ని నొక్కేసి బాబు గుడ్డలు మారుస్తాను. అక్క పెండ్లయి, ఇద్దరు పిల్లలను పెంచి, ఉద్యోగం చేస్తూ, ఇప్పటికీ వంగితే తల మోకాళ్ళకు ఆనిస్తుంది. నేను వంగితే నా చెయ్యి చీలమండ దాకా పోదు. ఇంత చిన్న సంగతికి కుళ్ళుకునేది ఎవరు అని నన్ను నేను తిట్టుకుంటూనే కుళ్ళుకున్నాను.

నాలుగో సాయంత్రం ఇద్దరం కూర్చుని గోరుచిక్కుడు కాయలు తుంచుతున్నాం. ఉన్నట్టుండి అక్క నవ్వింది.

"మే వాణీ, బండ ఏమంటాంది?"

"ఏంది?"

"మర్సిపోయినావా? తెల్లారి మీ నాయన జంపఖానా పర్సేకి ముందు ఏలితో బండ మీద కొట్టి అడిగేటోడు, 'బండ ఏమంటాంది వాణమ్మా' అని. నువ్వు గూడా కొట్టి, చెవి ఆనించి, 'ఇంగా నిద్రపోతాంది నాయనా' అంటాంటివి. ఒగోసారి 'దానికి ఆకలైతాంది' అంటాంటివి. ఇద్దరూ గుసగుసగా నవ్వుకుంటాంటిరి."

నిజంగానే మరిచిపోయాను. పగులు ఉన్న బండను వేలితో కొడితే బొంగురుగా మోగుతుంది, మంచి బండ కణకణమంటుంది. అంగడిలో నాయన ప్రతి బండనూ అలాగే కొట్టి చూసేవాడు. ఇంట్లో మాత్రం అది మా ఆట.

"నీకెట్ల తెలుసక్కా? నువ్వు లోపల నిద్రపోతాంటివి గదా?"

"యాడ నిద్ర? మీ పరక చప్పుడుకే మెలకువ వస్తాండె. కండ్లు మూసుకుని వింటాంటి." కాయ తుంచి గిన్నెలో వేసింది. "మా నాయన నాతో 'అన్నం తింటివా' అని గూడా అడిగినోడు కాదు. మీరిద్దరూ అట్ల మాట్లాడుకుంటాంటే కడుపులో కాలుతాండె మే. లేసి వద్దామనుకుంటాంటి. వస్తే మీరు మాటలు ఆపేస్తారని రాకుంటి. జంపఖానా పర్సిన తర్వాత వస్తాంటి. అప్పటికి అన్నీ అయిపోయేవి. ఇంగ మిగిలింది యోగానే గదా!"

ఆ చివరి మాట నవ్వుతూనే అంది. నాకు గోరుచిక్కుడు నార గోళ్ళలో ఇరుక్కుంది, తీసుకోలేదు. ఆ పావుగంట నాది. నేను దాన్ని పని అనుకున్నాను. గది లోపల ఒక పిల్ల దానికోసం కళ్ళు మూసుకుని కాచుకుని ఉండేది. నేను గుమ్మంలో నిలబడి ఆమె చోటు కోసం ఏడుస్తూ, నా చోటును నా చేతులతోనే నూనె పూసి పోగొట్టుకున్నాను. పన్ను సంగతి అప్పుడే చెప్పేద్దామని నోరు తెరిచాను. బాబు ఏడ్చాడు. లేచి పోయాను. నిజానికి వాడు అంత గట్టిగా ఏడవలేదు.

ఆఖరి రోజు పొద్దున నేను ఊడుస్తుంటే నిత్య ముందుగా లేచి వచ్చింది. అక్క పడుకున్న గది తలుపు ఓరగా ఉంది. లోపల కదలిక లేదు. దగ్గరికి వేద్దామని తలుపు మీద చెయ్యి పెట్టాను. ఈ పావుగంట నాకూ నా బిడ్డకే ఉండాలని ఆశ పుట్టింది, దాచుకోవడం ఎందుకు. నిత్య అప్పటికే జంపఖానా విప్పుతూ, తిప్పి చూస్తూ, అడిగింది.

"మా, ఈ మరక ఏంది?"

తలుపు మీది నుంచి చెయ్యి తీసేశాను. గొంతు తగ్గించకుండా, పరక చప్పుడుకు లోపల మేలుకుని ఉన్న మనిషికి ప్రతి మాటా వినబడేట్టు చెప్పాను. "అది నూనె మరక నిత్యా. సిన్నప్పుడు నేను పెద్దమ్మను సూసి కుళ్ళుకుని, ఆమె నిలబడే బండకు నూనె పూస్తి. ఆమె జారి పడింది. పెద్దమ్మ పన్ను ఇరిగింది నా వల్లనే. ఆమె తూలి కాదు."

నిత్య నోరు తెరుచుకుని నన్ను చూసింది. "తాత కొట్టలేదా?"

"కొట్టలేదు."

"సారీ చెప్పినావా?"

"ఇప్పుడు చెప్తాండా."

లోపల మంచం కిర్రుమంది. అక్క జుట్టు ముడేసుకుంటూ బయటికి వచ్చింది. నా ముఖం చూడలేదు. నిత్య చేతిలో నుంచి జంపఖానా తీసుకుని, ఒక కొన నా వైపు విసిరింది. ఇద్దరం ఎగరేశాం. మరక పైకి వచ్చేట్టు దించింది.

"పైకే ఉండనీ" అంది. "కింద ఉంటే నమ్మేకి లేదు."

నిత్య మామూలుగానే పోయి పెద్దమ్మ పక్కన కూర్చుంది. నాకు మళ్ళీ చురుక్కుమంది, ఆ పొద్దున కూడా. రాగి చెంబు వాళ్ళ దగ్గర పెట్టి, కిటికీ తెరిచి, బాబు ఊపిరి విందామని గదిలోకి వచ్చి మంచం మీద ఒరిగాను. తలుపు వేయలేదు. హాల్లో వేలితో నేల మీద కొట్టిన చప్పుడు, అక్క నేర్పిందేమో, ఆ వెంటనే నిత్య గొంతు.

"పెద్దమ్మా, టైలు ఏమంటాంది?"

"మీ అమ్మను గూడా రమ్మంటాంది" అంది అక్క, గోడ అవతలికి వినబడేటట్టు.